మూలకణ మార్పిడి: ఏ రోగానికి చికిత్స, ఏ రోగానికి వట్టి ఆశ?

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ ఉన్న రాయచూరు జిల్లాలో హట్టి పేరు వినగానే ఎవరికైనా బంగారు గనులే గుర్తుకు వస్తాయి. నిజాం పాలనలో, 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ అనే పేరుతో ఏర్పడిన సంస్థ 1956లో రాష్ట్రాల పునర్విభజన తరువాత హట్టి గోల్డ్ మైన్స్‌గా మారింది. హట్టి కర్ణాటకలో చేరింది. అయినా ఈ సరిహద్దు ప్రాంతపు తెలుగు కుటుంబాలకు బంధుత్వాలు, సంతలు, ఆసుపత్రులు రెండు వైపులా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మొదట లింగసూగూరు, ఆపైన రాయచూరు, అక్కడ కుదరదంటే హైదరాబాదు లేదా బెంగుళూరు. ఈ వరుస అందరికీ తెలిసినదే.

ఈ ప్రయాణంలో కొంతకాలంగా తరచుగా చెవిన పడుతున్న మాట మూలకణ మార్పిడి. రక్త క్యాన్సరు, తలసేమియా వంటి వ్యాధులను ఈ చికిత్స నయం చేస్తున్న మాట నిజం. అదే పేరు చెప్పి పక్షవాతం, మధుమేహం, మోకాళ్ల నొప్పులు, పిల్లల బుద్ధిమాంద్యం కూడా కుదురుస్తామనే ప్రకటనలూ వస్తున్నాయి. పొలం అమ్మి, నగలు తాకట్టు పెట్టి వైద్యానికి బయలుదేరే కుటుంబానికి ఈ రెండింటి మధ్య ఉన్న తేడా తెలియడం అత్యవసరం.

మూలకణం అంటే ఏమిటి?

మన శరీరం కోట్లాది కణాల సముదాయం. చర్మకణం చర్మం పనే చేస్తుంది, నరాల కణం నరాల పనే చేస్తుంది. ఇవి ఒకసారి తమ రూపం దాల్చిన తరువాత మరో రకం కణాలుగా మారవు. కొన్ని కణాలు మాత్రం అలా స్థిరపడకుండా, తమలాంటి కణాలను పుట్టిస్తూ, అవసరమైనప్పుడు వేరే రకం కణాలుగా ఎదిగే శక్తిని నిలుపుకుంటాయి. వీటినే మూలకణాలు అంటారు. కన్నడ పత్రికలలో ఇవే కాండకోశాలు. సులభంగా చెప్పాలంటే ఇవి శరీరంలోని నారుమడి వంటివి. పొలంలో పైరు దెబ్బతిన్నా నారుమడి బాగుంటే మళ్లీ నాట్లు వేసుకోవచ్చు. నారుమడే తెగులు పట్టితే మాత్రం కొత్త నారు తెచ్చుకోక తప్పదు.

రక్తాన్ని తయారు చేసే మూలకణాలు ఎముకల లోపలి మూలుగలో ఉంటాయి. మాంసం వండుకునే ఇళ్లలో నల్లి అని చెప్పుకునే భాగంలో కనిపించే మెత్తని పదార్థమే మూలుగ. పెద్దవారిలో రక్తం తయారీ ప్రధానంగా తుంటి ఎముక, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలలో జరుగుతుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పది రోజులకు మించి బతకవు. అందువల్ల ఆరోగ్యవంతుడి మూలుగ రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలను తయారు చేస్తూనే ఉండాలి. ఈ పని ఆగిపోయినా, తప్పుదారి పట్టినా రోగం వస్తుంది. మూలుగ ఎండిపోయినట్లు కణాలు తగ్గిపోతే ఎప్లాస్టిక్ ఎనీమియా. తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగితే రక్త క్యాన్సరు. ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్ పుట్టుకతోనే సరిగా తయారు కాకపోతే తలసేమియా, ఆకారం మారే హిమోగ్లోబిన్ వస్తే సికిల్ సెల్.

మార్పిడి ఎలా జరుగుతుంది?

మూలకణ మార్పిడి అనగానే ఎముకను కోసి వేరొక ఎముకను అతికిస్తారని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. ఇందులో రోగికి పెద్ద శస్త్రచికిత్స ఉండదు. ముందుగా శక్తిమంతమైన మందులతో, కొన్ని సందర్భాలలో రేడియేషన్‌తో, రోగి మూలుగలోని చెడిన కణాలను నిర్మూలిస్తారు. తరువాత దాత నుండి సేకరించిన మూలకణాలను రక్తం ఎక్కించినట్లే నరం ద్వారా ఎక్కిస్తారు. ఆ కణాలు రక్తంలో ప్రయాణించి తమంతట తామే ఎముకల లోపలికి చేరి స్థిరపడతాయి. రెండు నుండి నాలుగు వారాలలో కొత్త రక్తకణాలు కనిపించడం మొదలవుతుంది.

ఆ మధ్యకాలమే గండం. పాత మూలుగ పోయింది, కొత్తది ఇంకా నిలదొక్కుకోలేదు. రోగనిరోధక శక్తి దాదాపు శూన్యం. మామూలు జలుబు, నిలవ ఉన్న ఆహారం, బయటి దుమ్ము కూడా ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే రోగిని గాలి వడకట్టిన ప్రత్యేక గదిలో ఉంచుతారు. సుమారు నెల రోజులు ఆసుపత్రిలోను, ఆ తరువాత ఇంచుమించు మూడు నెలల పాటు ఆసుపత్రికి దగ్గరలోను ఉండవలసి వస్తుంది. చిన్ననాడు వేయించిన టీకాల రక్షణ కూడా తగ్గిపోతుంది కాబట్టి వాటిని మళ్లీ వేయించాలి. ముందు ఇచ్చే మందుల వల్ల భవిష్యత్తులో సంతానం కలిగే అవకాశం తగ్గవచ్చు. ఈ విషయం వైద్యుడిని ముందే అడిగి తెలుసుకోవాలి.

మరొక ముప్పు కూడా ఉంది. దాత నుండి వచ్చిన కణాలు రోగి శరీరాన్ని పరాయిదిగా భావించి చర్మం, కాలేయం, పేగులపై దాడి చేయవచ్చు. దీనిని అదుపులో ఉంచడానికి వాడే మందులలో మెథోట్రెక్సేట్ ముఖ్యమైనది. ఇది తెలుగువారికి గర్వకారణమైన మందు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో సాగించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుండే ఈ తరగతి మందులు పుట్టాయి. వాటిలో మొదటిదైన అమినోప్టెరిన్ రక్త క్యాన్సరు ఉన్న పిల్లలలో తాత్కాలికంగానైనా వ్యాధిని తగ్గించగలదని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. అదే సంవత్సరం సుబ్బారావు కన్నుమూశాడు.

మూలుగ మార్పిడిని మనుషులలో ప్రయత్నించిన తొలి ఫలితాలను అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ 1957లో ప్రచురించాడు. తొలినాళ్ల రోగులలో చాలామంది బతకలేదు. పట్టు విడువక సాగిన ఆ కృషికి 1990లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి, 1986లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఈ చికిత్సను ప్రారంభించాయి. నేడు హైదరాబాదులో నిమ్స్, బసవతారకం క్యాన్సరు ఆసుపత్రి, బెంగుళూరులో నారాయణ వంటి చోట్ల కూడా ఇది జరుగుతోంది.

దాత ఎవరు కావచ్చు?

కొన్ని రకాల క్యాన్సర్లలో, ముఖ్యంగా మైలోమా, లింఫోమాలలో, రోగి కణాలనే ముందుగా సేకరించి భద్రపరచి, తీవ్రమైన మందులు ఇచ్చిన తరువాత తిరిగి ఎక్కిస్తారు. దీనికి వేరే దాత అవసరం లేదు. తలసేమియా, ఎప్లాస్టిక్ ఎనీమియా, అనేక రకాల రక్త క్యాన్సర్లకు మాత్రం ఆరోగ్యవంతుడైన మరొకరి కణాలు కావాలి.

ఇక్కడ రక్తపు గ్రూపు కలవాలని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి గ్రూపు వేరైనా మార్పిడి చేయవచ్చు. కలవవలసింది హెచ్.ఎల్.ఎ. అనే గుర్తులు. వీటిలో సగం తండ్రి నుండి, సగం తల్లి నుండి వస్తాయి. అందువల్ల ఒక్కొక్క తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లిదండ్రులతో సాధారణంగా సగమే కలుస్తుంది. పూర్వం సగం కలిస్తే మార్పిడి చేయడానికి జంకేవారు. మార్పిడి తరువాత సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇచ్చే పద్ధతి వచ్చాక, తల్లి గాని తండ్రి గాని దాతగా నిలిచే మార్పిడులు కూడా చాలా చోట్ల జరుగుతున్నాయి. వీటిలో ముప్పు కొంత ఎక్కువ.

కుటుంబంలో ఎవరూ కలవకపోతే స్వచ్ఛంద దాతల పట్టికలలో వెదుకుతారు. 2009లో చెన్నైలో ప్రారంభమైన దాత్రి అటువంటి సంస్థ. ఇందులో పేరు నమోదు చేసుకోవడానికి బుగ్గ లోపలి నుండి దూదిపుల్లతో తీసిన తడి చాలు. ఎప్పుడో ఒక రోగితో కలిస్తే, దాతకు ఐదు రోజుల పాటు ఇంజక్షన్లు ఇచ్చి, మూలకణాలు రక్తంలోకి వచ్చిన తరువాత యంత్రం ద్వారా వాటిని వేరు చేసి, మిగిలిన రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. దాత మూలుగ తన లోటును కొద్ది వారాలలోనే పూడ్చుకుంటుంది. ఇలా కణాలు ఇస్తే మగతనం పోతుంది, పని చేసే శక్తి తగ్గుతుంది అనే మాటలకు ఆధారం లేదు. పట్టికలలో మన ప్రాంతపు వారు ఎంత ఎక్కువగా చేరితే మన ప్రాంతపు పిల్లలకు దాత దొరికే అవకాశం అంత పెరుగుతుంది. ఎందుకంటే ఈ గుర్తులు ఒకే మూలం గల సముదాయాలలో కలిసే అవకాశం ఎక్కువ.

రక్తం ఎక్కించుకునే ఇళ్లలో మరొక జాగ్రత్త ఉంది. రోగికి మార్పిడి చేసే ఆలోచన ఉన్నప్పుడు తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు స్వయంగా రోగికి రక్తం ఇవ్వకూడదు. బంధువుల రక్తం ఎక్కితే రోగి శరీరం ఆ గుర్తులకు వ్యతిరేకంగా సిద్ధపడి, తరువాత అదే బంధువు మూలకణాలను తిరస్కరించే ప్రమాదం ఉంది. ప్రేమతో ఇచ్చిన ఒక సీసా రక్తం రేపటి మార్పిడికి అడ్డు కావచ్చు. బంధువులు రక్తనిధికి ఇచ్చి, రోగికి వేరే వారి రక్తం ఎక్కించడం మేలు.

తలసేమియా ఉన్న ఇంట్లో

తలసేమియా మేజర్ ఉన్న బిడ్డకు సాధారణంగా పుట్టిన మొదటి రెండేళ్లలోనే రక్తహీనత బయటపడుతుంది. ఆ తరువాత రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి. ప్రతి సీసాతో ఇనుము శరీరంలో పేరుకుని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దానిని తీసివేసే మందులు క్రమం తప్పక వాడాలి. ఈ బిడ్డలకు మార్పిడి శాశ్వత విముక్తినిచ్చే మార్గం. పూర్తిగా కలిసిన తోబుట్టువు ఉండి, బిడ్డ చిన్న వయసులో ఉండి, కాలేయం చెడక ముందే చేస్తే పది మందిలో ఎనిమిది, తొమ్మిది మంది కోలుకుంటున్నారు. వయసు పెరిగి ఇనుము పేరుకున్న కొద్దీ ఈ అవకాశం తగ్గుతుంది. కాబట్టి ఏదో ఒక రోజు చూద్దాంలే అని వాయిదా వేయడం తగదు. ఇనుము తీసే మందులు మానకుండా వాడడం కూడా మార్పిడికి సిద్ధపడడంలో భాగమే. తోబుట్టువు తలసేమియా వాహకుడైనా, రోగి కానంతవరకు, దాత కావచ్చు.

తలసేమియా రాకుండా చూసుకోవడం మార్పిడి కంటే ఎంతో సులభం. తల్లీతండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాహకులకు ఏ బాధా ఉండదు, కాబట్టి పరీక్ష చేయించుకుంటే తప్ప తెలియదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఒకే లోపం రెండు వైపుల నుండీ వచ్చే అవకాశం పెరుగుతుంది. జాతకాలతో పాటు హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష కూడా పెళ్లి మాటలలో చేరితే అనేక ఇళ్లలో దుఃఖం తప్పుతుంది. పెళ్లయిన తరువాత తెలిసినా ఆలస్యం కాదు. గర్భం దాల్చిన 10 నుండి 12 వారాలలో బిడ్డకు వ్యాధి ఉన్నదీ లేనిదీ పరీక్షించవచ్చు. హైదరాబాదులో 1998 నుండి పనిచేస్తున్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇటువంటి కుటుంబాలకు దారి చూపుతోంది.

సున్నం పడిన కంటికి హైదరాబాదు చూపిన దారి

రక్తం తరువాత మూలకణ మార్పిడి గట్టిగా రుజువైన మరొక చోటు కంటి ఉపరితలం. ఇందులో హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రపంచానికే పేరు పొందింది. కంటి నల్లగుడ్డు చుట్టూ, తెల్లగుడ్డుతో కలిసే అంచులో మూలకణాలు ఉంటాయి. ఇవి పారదర్శకమైన పై పొరను నిరంతరం పునరుద్ధరిస్తాయి. సున్నం, ఆమ్లం, కాస్టిక్ సోడా వంటివి కంట్లో పడితే ఈ అంచు కాలిపోతుంది. తెల్లటి పొర నల్లగుడ్డును కమ్మేసి చూపు పోతుంది. అప్పుడు నేత్రదానంలో లభించిన నల్లగుడ్డును మార్చినా, దానిని కాపాడే మూలకణాలు లేనందున నిలవదు.

ఈ సంస్థ వైద్యులు 2001 నుండి బాగున్న రెండో కంటి అంచు నుండి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో పెంచి, కాలిన కంటిపై అమర్చడం ప్రారంభించారు. 2011లో ప్రచురించిన 200 కళ్ల ఫలితాలలో 142 కళ్లకు, అంటే 71 శాతానికి, ఉపరితలం నిలకడగా బాగుపడింది. 2012లో వీరే మరింత సులభమైన పద్ధతిని ప్రకటించారు. ఇందులో ప్రయోగశాల అవసరం లేదు. రెండు మిల్లీమీటర్ల ముక్కను చిన్న తునకలు చేసి, ప్రసవంలో లభించే ఉమ్మనీటి సంచి పొరపై జిగురుతో అతికించి అప్పటికప్పుడే కంటిపై పరుస్తారు. 2016లో ప్రచురించిన 125 మంది ఫలితాలలో 95 మందికి ఇది సఫలమైంది. ఖర్చు తగ్గినందువల్ల ఈ పద్ధతి ఇతర దేశాలకూ వ్యాపించింది.

తాంబూలం, గుట్కా అలవాటున్న ఇళ్లలో సున్నపు పొట్లాలు, డబ్బాలు పిల్లల చేతికి అందేలా ఉంటాయి. పొట్లాన్ని నొక్కితే సున్నం చిమ్మి నేరుగా కంట్లో పడుతుంది. అలా జరిగితే నూనె, పాలు, పసరు ఏదీ పోయరాదు. వెంటనే శుభ్రమైన నీటితో కనీసం అరగంట పాటు, రెప్పలు విప్పి పట్టుకుని ధారగా కడగాలి. రెప్పల కింద సున్నపు పలుకులు మిగలకుండా తీయించాలి. ఆ తరువాతే ఆసుపత్రి ప్రయాణం. ఆ అరగంట కడగడం మీదనే చాలా మటుకు చూపు ఆధారపడి ఉంటుంది.

రుజువు కాని చోట్ల జాగ్రత్త

ఇక ప్రకటనల సంగతి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం పొందిన రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి మాత్రమే సాధారణ చికిత్స. మిగిలిన వ్యాధులకు మూలకణాలను అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా మాత్రమే వాడాలి. ఇటువంటి పరిశోధన భారత క్లినికల్ ట్రయల్స్ పట్టికలో నమోదై ఉండాలి. నైతిక సంఘం ఆమోదం ఉండాలి. పరిశోధనలో పాల్గొనే రోగి నుండి ఆ చికిత్సకు డబ్బు వసూలు చేయరాదు. లక్షలు అడుగుతూ పరిశోధన అంటే అది అనుమానించవలసిన విషయం.

పక్షవాతం, వెన్నుపాము దెబ్బ, మస్తిష్క పక్షవాతం, ఆటిజం, మధుమేహం వంటి వాటికి మూలకణ చికిత్స ఇంకా రుజువు కాలేదు. గనులు, రాతి క్వారీలలో పనిచేసే వారిని బాధించే సిలికోసిస్‌ది కూడా ఇదే పరిస్థితి. రాతి ధూళి వల్ల గట్టిపడిన ఊపిరితిత్తులను ఇంజక్షన్‌తో మామూలుగా చేస్తామనే మాట నమ్మదగినది కాదు. సిలికోసిస్ చట్టం కింద ప్రకటిత వ్యాధి. దానిని గుర్తించిన వైద్యుడు గనుల తనిఖీ శాఖకు తెలియజేయాలి. కార్మికుని కుటుంబానికి ఉపయోగపడేది ఆ నమోదు, ధూళి నివారణ, క్షయ పరీక్ష, పరిహారం కోసం ప్రయత్నమే.

గర్భిణులకు బొడ్డుతాడు రక్తాన్ని డబ్బు కట్టి దాచుకోమని చెప్పే ఏజెంట్లు కూడా ఉన్నారు. బిడ్డ రక్తాన్ని ఆ బిడ్డ కోసమే దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. తలసేమియా బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. దానితో ఆ బిడ్డకు వైద్యం చేయలేరు. ఇంట్లో ఇప్పటికే వ్యాధి ఉన్న బిడ్డ ఉన్నప్పుడు మాత్రం, తరువాత పుట్టే బిడ్డ బొడ్డుతాడు రక్తం గురించి వైద్యుని సలహా తీసుకోవచ్చు.

బయలుదేరే ముందు

మార్పిడికి సాధారణంగా లక్షల రూపాయలు ఖర్చవుతాయి. తలసేమియా పిల్లల కోసం కోల్ ఇండియా సంస్థ 2017లో ప్రారంభించిన బాల సేవా యోజన, అర్హత ఉన్న కుటుంబాలకు 10 లక్షల రూపాయల వరకు నేరుగా ఆసుపత్రికే చెల్లించే పథకం. వేలూరు ఆసుపత్రి ఇందులో ఉంది. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. సరిహద్దు కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఆరోగ్య కార్డు. కర్ణాటక కార్డు ఉన్నవారికి తెలంగాణ ఆరోగ్యశ్రీ వర్తించదు. అందువల్ల ఏ కార్డు ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు చెల్లుతుందో ప్రయాణానికి ముందే విచారించుకోవాలి. ఇల్లు ఒక రాష్ట్రంలో, బంధువులు మరో రాష్ట్రంలో ఉన్నవారు ఈ విషయంలోనే ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

వైద్యుడిని కలిసినప్పుడు కొన్ని ప్రశ్నలు తప్పక అడగాలి. ఈ వ్యాధికి మార్పిడి ఆమోదం పొందిన చికిత్సా, లేక పరిశోధనా? ఈ ఆసుపత్రిలో ఇదే వ్యాధికి ఎంతమందికి చేశారు, వారిలో ఏడాది తరువాత ఎంతమంది బాగున్నారు? మార్పిడి లేకుండా మందులతో నడిచే మార్గం ఉందా? దీర్ఘకాలిక మైలాయిడ్ రక్త క్యాన్సరుకు 2001లో వచ్చిన ఇమాటినిబ్ మాత్ర తరువాత చాలామందికి మార్పిడి అవసరమే లేకుండా పోయింది. మార్పిడి విఫలమైతే తరువాతి దారి ఏమిటి? మొత్తం ఖర్చులో మందులు, బస, తిరుగు ప్రయాణాలు చేరి ఉన్నాయా? ఈ ప్రశ్నలకు ఓపికగా, కాగితం మీద రాసి సమాధానం ఇచ్చే చోట చికిత్స చేయించుకోవచ్చు. తొందరపెట్టి ముందుగా డబ్బు కట్టమనే చోట ఒక్క సంతకం కూడా చేయకుండా, మరొక పెద్దాసుపత్రి అభిప్రాయం తీసుకోవడం మంచిది.